దినాల కంచాలు

స్టీలు కంచాలు ఊళ్లో దిగిన రోజు నేను చిన్నపిల్లలా గంతులేశానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో సంబరపడే రోజులు ఎంత అరుదో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుసు. జనగామ నుంచి వచ్చిన ట్రాలీ ఆటో ఆఫీసు ముందు ఆగీ ఆగగానే మహిళా సంఘం ఆడవాళ్లంతా దాన్ని చుట్టుముట్టారు. గోనెసంచులు విప్పి, ఒక్కో కంచాన్ని వేలితో టంగుమని కొట్టి చూసి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ లోపల పేర్చారు. కంచాలు, గిలాసలు, బకెట్లు, గరిటెలు, ఊరంతా ఒకేసారి కూర్చున్నా సరిపోయేటన్ని. ప్రతిదాని అంచు మీదా సంఘం పేరు చెక్కించాం. ఇక ఎవరింట్లో ఏ దావతైనా సామాను మా దగ్గరే తీసుకుపోవాలి, కడిగి తెచ్చి అప్పజెప్పాలి. తిని పారేసే ప్లాస్టిక్ ఇస్తారి అన్నది ఊళ్లో కనబడకూడదు. నా కళ్లకు అప్పుడే ఊరు కడిగిన ముత్యంలా కనబడుతోంది.

ఆ సంబరం ఊరికే రాలేదు. దాని వెనక నా కడుపుమంట చాలా ఉంది.

మాది మరిపెడ దగ్గర పల్లె. ఉద్యోగం కొడకండ్ల మండలంలోని ఈ ఊళ్లో. ప్లాస్టిక్ నిషేధం ఉత్తర్వు ఒక పొద్దున బస్సులో ఉండగా నా ఫోన్‌లోకి వచ్చింది. తీర్మానం చేయాలి, జరిమానాలు వేయాలి, ఫొటోలు పంపాలి, ప్రజలు ప్రత్యామ్నాయాలు వాడేలా చూడాలి. ఆ చివరి ముక్క రాసినవాళ్లు ప్రత్యామ్నాయం అంటే ఏమిటో కూడా రాసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేదాన్ని. మండలంలో దీని మీద సమావేశం పెట్టారు. వెనక గోడకు ప్లాస్టిక్ వద్దంటూ ఇంత పెద్ద ఫ్లెక్సీ, మా ముందు చిన్న చిన్న నీళ్ల సీసాలు. సార్, ముందు వీటికి జరిమానా ఎవరికి వేయమంటారని అడిగాను. అందరూ నవ్వారు. ముందు మీ ఊరు చూసుకోండమ్మా అన్నారు. సరే, చూసుకుందామని వచ్చాను.

దుకాణాల్లో కవర్లు గుంజుకున్నాను. మొదటి దుకాణందారు గొడవ పెట్టుకోలేదు. నూనె పాకెట్టు, పాల పాకెట్టు, చిప్స్ పాకెట్టు వరసగా గల్లా మీద పెట్టి, ఇవన్నీ కంపెనీలోంచే ప్లాస్టిక్‌లో వస్తున్నాయి, వాటి గురించి నీ కాగితంలో ఏముందో చదువు మేడం అన్నాడు. చదవడానికి అందులో ఏమీ లేదు. అయినా నా అసలు పోరు దుకాణాలతో కాదు, దావతులతో. ఏ ఇంట్లో ఫంక్షన్ జరిగినా తెల్లారేసరికి ఆ ఇంటి వెనక ఇస్తార్లు, గిలాసలు కుప్పలు పడేవి. గాలొస్తే అవి చెరువు దాకా పోయేవి. కాగితం ఇస్తార్లు వాడమన్నాను. వాటి మీద మెరిసే పొర కూడా ప్లాస్టికేనని తర్వాత తెలిసి నెత్తి కొట్టుకున్నాను. మోదుగాకు ఇస్తార్లు కుట్టమంటే ముసలమ్మలు చేతులు చూపించి, ఇప్పుడు కుట్టేదెవరు బిడ్డా, ఆకు తెచ్చేదెవరని నన్నే అడిగారు.

ఆ సమయంలో నా పక్కన నిలబడింది సంఘం అధ్యక్షురాలు. ఊరంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది, నేనూ అంతే. నాకంటే ఆమెకే ఈ పని మీద పట్టుదల ఎక్కువ. ఆమె పాడి బర్రె మేత మానేసి, కడుపు ఉబ్బి చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే కడుపు నిండా ఇస్తార్లు, కవర్లు. పెళ్లి దావతు కుప్పలో కూర వాసనకు తిన్నవే. డాక్టరు వాటిని బయటికి లాగుతుంటే అక్క పక్కనే నిలబడి చూసింది. మర్నాడే వచ్చి, సంఘం పొదుపులోంచి స్టీలు సామాను కొందామని నాతో అంది. సంఘంలో సగంమంది ముఖం ముడుచుకున్నారు. నా మాట మీద కొనండి, పైసలు మునిగితే నన్నడగండని అక్క అందరి ముందూ అంది. అలా వచ్చాయి కంచాలు.

ఇక మొదలుపెట్టాలి. నాకు కాలు నిలవడం లేదు. రోజూ పొద్దున బస్సు దిగగానే అక్కను అడిగేదాన్ని, ఎవరింట్లో ఏముందని. ఊళ్లో అందరికంటే పెద్ద వయసు అవ్వ ఒకామె అదే వారంలో పోయింది. ఆమె కొడుకే తాత అయి చాలా ఏళ్లయింది. ఆయన్ని అందరూ బాపు అంటారు. దినాల భోజనాలకు ఊరంతా వస్తుంది. నేనూ అక్కా వెళ్లి కంచాలు ఇస్తాం అన్నాం. బాపు ఒప్పుకున్నాడు.

ఎంత బాగా జరిగిందో చెప్పలేను. ఊరంతా తిన్నది. గాలికి ఎగిరే గిలాస ఒక్కటి లేదు. ఊడ్చి కల్లాపి చల్లినట్టు ఆ వాకిలి శుభ్రంగా ఉంది. కుక్కలు కూడా అయోమయంగా తిరిగాయి. నేను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి మండలం గ్రూపులో పెట్టాను. మంచి పని అంటూ పై నుంచి మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆ సాయంత్రం మరిపెడలో బస్సు దిగి, ఇంటికి వేడి వేడి మిర్చీ బజ్జీలు కట్టించుకుపోయాను. నేల మీద నా కాలు ఆనితే ఒట్టు.

పెళ్లిళ్లు మొదలయ్యాయి. మొదటి ఇంటికి వెళ్లాను. తీసుకోలేదు. రెండో ఇంటికి వెళ్లాను. టెంట్ హౌస్ వాళ్లకు ముందే చెప్పేశాం అన్నారు. మూడో ఇంట్లో పెళ్లికూతురి పెద్దమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"దినాల కంచాలల్ల లగ్గం బువ్వ పెట్టుమంటవా మేడం? నీ ఇంట్ల అయితే పెట్టుకుంటవా?"

నాకు అప్పుడు తలకెక్కింది. కొత్త గిన్నె కొంటే పసుపు రాసి, బొట్టు పెట్టి, పరమాన్నం వండి మొదలుపెట్టే ఊరు ఇది. మా అమ్మ కూడా అంతే చేస్తుంది. అలాంటి చోట మేము కొత్త కంచాలకు దినాల కూటితో బోణీ చేశాం. సంఘంలో ఇంతమంది ఆడవాళ్లం, ఒక్కరికీ ఆ రోజు ఆ మాట తట్టలేదు. తట్టినవాళ్లెవరైనా ఉంటే నా సంబరం చూసి నోరు మెదిపి ఉండరు.

నాకు కోపం వస్తే ఆగను. పంచాయతీ ముందు పొయ్యి పెట్టించి, పెద్ద గంగాళంలో నీళ్లు మరగబెట్టి, కంచాలన్నీ అందరి కళ్ల ముందే వేయించాను. ఇందులో ఏ క్రిమీ బతకదని గొంతు చించుకుని చెప్పాను. వచ్చినవాళ్లు శ్రద్ధగా విన్నారు, తలలూపారు, వెళ్లి ప్లాస్టిక్ ఇస్తార్లు కొన్నారు. క్రిమి గురించి వాళ్లెవరూ నన్ను అడగనే లేదు. పసుపునీళ్లతో కడిగించాం. అదీ పని చేయలేదు. చర్చికి వెళ్లే కుటుంబాలు మాత్రం క్రిస్మస్ భోజనాలకు సంతోషంగా తీసుకుపోయి, మిలమిల తోమి తెచ్చిచ్చాయి. దాంతో మిగతావాళ్లకు ఇంకో సాకు దొరికింది. ఎవరెవరి ఇళ్లకు పోయిన కంచాలో ఏమో అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. ఆ రోజు నేను ఎవరితోనూ మర్యాదగా మాట్లాడలేదు.

జరిమానా వేయొచ్చు కదా అని మండలంలో అన్నారు. పెళ్లి ఇంటికి పోయి, వియ్యంకుల ముందు జరిమానా రసీదు రాసివ్వడం కాగితం మీద చాలా తేలిక. ఒకసారి చేశాను. ఆ ఇంటివాళ్లు నాతో మాట్లాడటం మానేశారు, ఇస్తార్లు మాత్రం మానలేదు.

చివరికి సంఘం సమావేశంలో గొడవ తెగేదాకా వచ్చింది. కంచాలు జనగామ దుకాణానికి తిరిగి అమ్మేద్దాం, వచ్చినంత వస్తుంది అన్నారు. అప్పుడు వెనక నుంచి ఒకామె అడిగింది.

"నీ బిడ్డ లగ్గం ఉన్నది గదా అక్కా. ముందుగాల నువ్వు పెట్టు. గప్పుడు మేం ఎన్కనుంచి వస్తం."

అక్క బిడ్డకు భూపాలపల్లి సంబంధం ఖాయమైంది. మంచి సంబంధం. పిల్లకు నచ్చింది, పిల్లాడికి నచ్చింది. సమావేశం మొత్తం అక్క వైపు చూసింది. పెట్టనంటే కంచాలు పోతాయి, ఆమె మాటా పోతుంది. పెడితే వియ్యంకుల ముందు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అక్క కొంగు దులుపుకుని లేచింది. "పెడ్త" అంది. నేను చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే కొట్టానని తర్వాత తెలిసింది.

బయటికి వచ్చాక, మనం ఒకసారి భూపాలపల్లి వెళ్లొద్దాం అంది అక్క. ఎందుకని అడిగాను. కంచాల సంగతి వాళ్లకు చెప్పాలట. భూపాలపల్లిలో మన ఊరి దినాల గురించి ఎవరికి తెలుస్తుంది, ఎందుకు కదపడం అని నయాన చెప్పాను, భయాన చెప్పాను. ఆమె వినలేదు.

"తెల్వకుండ పెట్టి, రేపు తెలిస్తె నా బిడ్డ గా ఇంట్ల తలకాయ ఎట్ల ఎత్తుకుంటది? నేను దాసిపెట్టి బిడ్డనియ్య."

జనగామ వచ్చి, హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటి భూపాలపల్లి చేరాం. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పెళ్లికొడుకు తండ్రి బొగ్గుబాయిలో పని చేస్తాడు. మంచి హాస్యగాడు. నేను ప్లాస్టిక్ గురించీ, భూమి వేడెక్కడం గురించీ మొదలుపెట్టగానే చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. మేము దినమంతా బొగ్గు తవ్వి పంపుతుంటే మీరు గిలాసల దగ్గర కొట్లాడుతున్నారా మేడం అన్నాడు. నాకు చురుక్కుమంది, నవ్వూ వచ్చింది. ఆ ప్రశ్న నా స్థాయి దాటినదని చెప్పి చాయ్ తాగాను.

అక్క దాచకుండా అంతా చెప్పింది. బర్రె దగ్గర్నుంచి మొదలుపెట్టి దినాల దాకా. పెళ్లికొడుకు తల్లి చేతిలో పని ఆపి విన్నది. అంతా విన్నాక అక్క వైపు తిరిగింది.

"మాకైతే పట్టింపు లేదు వదినా. గని మా సుట్టాలు గట్లుండరు. బంతిల కూసున్నోళ్లల్ల ఒక్కలు లేసినా మా ఇజ్జత్ వోతది. గప్పుడు మేం గూడ లేస్తం. నన్ను తప్పు పట్టొద్దు."

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. ఇంకా సమయముంది, మానేద్దాం, నేను సంఘానికి ఏదో ఒకటి సర్దిచెబుతాను అన్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ, నువ్వు భయపడితే నాకు భయమవుతుంది, జర ఊరుకో అంది. ఊరుకున్నాను.

పెళ్లి రోజు నేను కార్యదర్శిని కాదు, కంచాలకు కాపలాదారుని. పొద్దున్నే వెళ్లి, నా చేత్తో ఒక్కోటి తుడిచాను. అక్క ఇంటి ముందు పందిరి. లోపల బగారా అన్నం ఘుమఘుమలు. తలంబ్రాలు అయిపోయాయి. పిల్ల పట్టుచీరలో తల నిండా అక్షతలతో నవ్వుతోంది. మొదటి బంతిలో భూపాలపల్లి చుట్టాలు కూర్చున్నారు. వాళ్ల మధ్య పెళ్లికొడుకు నాయనమ్మ, గట్టి మనిషి. కంచాలు పరిచాం. ఎంత అందంగా ఉందో ఆ వరస! నాకు ఫొటో తీయాలని చేతులు దురద పెట్టాయి.

అంతలో మా ఊరి చుట్టమే ఒకామె పక్కన కూర్చున్న భూపాలపల్లి ఆమె చెవిలో ఏదో అంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మాట బంతి పొడవునా పాకడం నేను కళ్లారా చూశాను. చేతులు ఒక్కొక్కటే ఒళ్లోకి పోయాయి. వడ్డించేవాళ్లు బకెట్లతో నిలబడిపోయారు. పెళ్లికొడుకు తల్లి అక్క వైపు చూసింది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లికూతురి మేనమామ ఇలాంటిదేదో జరుగుతుందని ముందే ప్లాస్టిక్ ఇస్తార్ల కట్ట తెచ్చి పెట్టుకున్నాడు. అది తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. పందిట్లో పిల్ల నవ్వు ఆగిపోయింది.

పందిరి చివర కుర్చీలోంచి బాపు లేచాడు. కండువా సర్దుకుంటూ వచ్చి, బంతిలో ఖాళీ ఉన్న చోట కూర్చుని, కంచం ముందుకు లాక్కున్నాడు. పెట్టమ్మా అని అక్కతో అన్నాడు. అక్క చెయ్యి కదల్లేదు. ఆయన మా ఊరి వాళ్ల వైపు తిరిగాడు.

"మా అవ్వ మీద సల్లిన పైసలు ఏరుకున్నోళ్లు ఎవలెవలున్నరో చేతులెత్తుండ్రి."

మునిమనవలను చూసిన పండు ముసలి పోతే మా వైపు ఏడుపు తక్కువ. డప్పులు కొట్టించి, గులాల్ చల్లి, ఊరేగింపుగా తీసుకుపోతారు. దారి పొడవునా పేలాలతో కలిపి చిల్లర చల్లుతారు. ఆ చిల్లర కోసం జనం ఎగబడతారు. దాన్ని ఇంట్లో బియ్యంలో వేసుకుంటే ఆయుష్షు, పిల్లల మొలతాడుకు కడితే రక్ష. అవ్వ ఊరేగింపులో నేనూ నడిచాను. ఏరుకోని ఇల్లంటూ లేదు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మీ పోరగాండ్ల మొలతాళ్లకు గా పైసలే కట్టిండ్రు. మీ బియ్యంల గా పైసలే ఏసుకున్నరు. పైసలు మంచియైనయి. గా అవ్వ పేరు మీద పెట్టిన బువ్వ తింటే కంచాలు మైలెట్లయినయి?"

మా ఊరి వాళ్లంతా నేల చూపులు చూశారు. చెవిలో గుసగుసలాడినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు పెళ్లికొడుకు నాయనమ్మ గొంతెత్తి, పోయినామె ఎన్ని తరాలు చూసిందని అడిగింది. మునిమనవరాలి బిడ్డను కూడా ఎత్తుకుందని ఎవరో చెప్పారు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పరాదుండ్రి? పెట్టుండ్రి బువ్వ. ఆకలైతున్నది."

ఆమె చెయ్యి కంచంలోకి వచ్చింది. పక్కామెది వచ్చింది. చేతులన్నీ వచ్చాయి. నేను గట్టిగా అరిచాననుకుంటా, డప్పుల వాళ్లు నావైపు చూశారు. బగారా బకెట్లు పరుగులు పెట్టాయి, మటన్ గరిటెలు పరుగులు పెట్టాయి. భూపాలపల్లి వియ్యంకుడు, నాకు రెండు ముక్కలెక్కువ వేయండి, బొగ్గు తవ్వేవాడినని అడిగి మరీ వేయించుకున్నాడు. మేనమామ ఆ కట్ట పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వెళ్లి దాన్ని లాక్కుని, పెళ్లి అయ్యాక పంచాయతీకి వచ్చి జరిమానా కట్టమని చెప్పాను. నిజంగానే కట్టించాను.

రెండో బంతి లేచేసరికి బాపు ఇంకా మెల్లగా తింటూనే ఉన్నాడు. పళ్లు లేని నోరు, మటన్ నమలడానికి సమయం పట్టింది. నేను నీళ్లు తీసుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. భలే అడిగారు బాపూ అని ఏదో వాగాను. ఆయన నవ్వలేదు.

"నెలల సంది ఇంటున్న బిడ్డా. దుకాణం కాడ, బస్సు కాడ, ఏడికి వోయినా దినాల కంచాలు, దినాల కంచాలు. మా అవ్వనే మైల అంటున్నట్టుండె. నేను ఒప్పుకోవట్టే ఆమెకు గీ పేరొచ్చిందని ఇంట్ల కూసోని ఏడ్చిన."

ఇన్నాళ్లూ ఊళ్లో ఆ మాట అనని నోరు లేదు. కోపంతో అయినా సరే, నేనూ అన్నాను. ఆ రెండు మాటలు ఆ ఇంటి గడప లోపల ఎలా వినబడుతున్నాయో మాలో ఎవరికీ తట్టలేదు. నీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చి, అక్కడే కూర్చున్నాను.

పెళ్లికూతురు, పెళ్లికొడుకు పెద్దల దీవెనలు తీసుకుంటూ ఇటు వచ్చారు. బాపు ఎంగిలి చెయ్యి చూపించి, లేస్తా ఆగండన్నాడు. పిల్ల ఆగలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని వంగి, ఆయన తిన్న కంచం తానే తీసింది. దాన్ని మోకాలి మీద ఆనించుకుని, అలాగే ఆయన కాళ్లకు మొక్కింది. బాపు ఎడమ చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

"మా అవ్వన్ని ఏండ్లు బతుకు బిడ్డా" అన్నాడు.